నాన్న నోటి నుంచి నేరుగా



తండ్రీ కూతుళ్ల కథ అనగానే మనకు గుర్తొచ్చే సినిమాలు చాలావరకు గారాబం సినిమాలే. 2009లో వచ్చిన ‘ఆకాశమంత’ మీలో చాలామంది చూసే ఉంటారు. కూతురు కాస్త దూరం జరిగితే తట్టుకోలేక అల్లాడిపోయే తండ్రిగా ప్రకాష్ రాజ్, ఆ కూతురిగా త్రిష. రాధామోహన్ తీసిన ఆ సినిమాలో తండ్రి పడే అవస్థంతా ప్రేమ మరీ ఎక్కువ కావడం వల్ల వచ్చిందే. ఈరోజు నేను చెప్పబోయే సినిమా అలాంటిది కాదు. ఇందులో తండ్రికి కూతురితో పట్టుమని నాలుగు మంచి మాటలు మాట్లాడటం చేతకాదు. తండ్రి ఎదుట నిలబడితే కూతురికి ఊపిరాడదు. అలాగని ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు.

ఆ సినిమా ‘ఆన్ గోల్డెన్ పాండ్’. 1981 డిసెంబరులో అమెరికాలో విడుదలైంది. ఎర్నెస్ట్ థాంప్సన్ రాసిన నాటకానికి ఆయనే స్క్రీన్‌ప్లే రాస్తే, మార్క్ రైడెల్ దర్శకత్వం వహించాడు. తండ్రి నార్మన్‌గా హెన్రీ ఫోండా, తల్లి ఎథెల్‌గా కేథరిన్ హెప్‌బర్న్, కూతురు చెల్సీగా జేన్ ఫోండా నటించారు. హెన్రీ, జేన్ నిజజీవితంలోనూ తండ్రీ కూతుళ్లే. తెర మీద వాళ్ల మధ్య కనిపించే ఎడం తెర వెనకా ఉంది. ముందు కథ చెప్పుకుని, తర్వాత ఆ ఇంటి సంగతికి వద్దాం.

నార్మన్ రిటైరైన ప్రొఫెసర్. 80వ పుట్టినరోజు దగ్గర పడుతోంది. ప్రతి ఏడూ వేసవికి భార్యాభర్తలిద్దరూ ఒక సరస్సు ఒడ్డున ఉన్న పాత ఇంటికి వస్తారు. ఆ ఏడూ వచ్చారు. ఎథెల్ హుషారైన మనిషి. సరస్సులో లూన్ పక్షుల జంట కనిపిస్తే చాలు, చిన్నపిల్లలా సంబరపడుతుంది. నార్మన్ నోరు విప్పితే పుల్లవిరుపు మాటలే. వచ్చినవాళ్లను దెప్పుతాడు, పలకరించినవాళ్లను కసురుతాడు, పొద్దస్తమానం చావు గురించే మాట్లాడతాడు.

ఈ పెడసరం వెనక ఏముందో సినిమా మొదట్లోనే ఒక సన్నివేశంలో చూపిస్తారు. స్ట్రాబెర్రీలు కోసుకు రమ్మని ఎథెల్ ఆయన్ని బకెట్ ఇచ్చి పంపిస్తుంది. ఏళ్ల తరబడి నడిచిన దారి. అడవిలోకి నాలుగడుగులు వేసేసరికి ఆయనకు దారి తెలియదు. ఏ చెట్టు చూసినా కొత్తగా ఉంటుంది. కెమెరా ఆయన మొహం మీదే ఉంటుంది. కళ్లు అటూ ఇటూ వెతుకుతాయి, ఊపిరి వేగం పెరుగుతుంది, ఆ పెద్దమనిషి మొహంలో పసివాడి భయం కనిపిస్తుంది. ఖాళీ బకెట్‌తో పరుగు పరుగున ఇంటికొచ్చేస్తాడు. కోసినవన్నీ తినేశానని ముందు బుకాయిస్తాడు. కాసేపటికి నిజం ఒప్పుకుంటాడు. దారి గుర్తు రాలేదనీ, నీ మొహం చూస్తేనైనా నేను నేనేనన్న ధైర్యం వస్తుందని పరుగెత్తుకొచ్చాననీ భార్యతో చెప్తాడు.

ఈ సన్నివేశం చూశాక ఆయన మాటల్లోని కటువు మనకు వేరే రకంగా వినిపిస్తుంది. మతి జారిపోతోంది, ఒళ్లు సహకరించడం లేదు, ఆ భయం ఎవరికీ తెలియకూడదు. అందుకే ఎవరినీ దగ్గరికి రానివ్వడు. ఆ భయాన్ని ఆయన భార్యకు చెప్పుకోగలిగాడు. కూతురికి చెప్పుకోలేడు. కూతురికి ఆయనలోని భయం ఎప్పుడూ కనబడలేదు, కటువే కనబడింది.

చెల్సీ కాలిఫోర్నియాలో ఉంటుంది. నలభై దాటిన మనిషి, ఒకసారి పెళ్లయి విడిపోయింది. బిల్ అనే డెంటిస్టుతో, అతని పదమూడేళ్ల కొడుకు బిల్లీతో కలిసి తండ్రి పుట్టినరోజుకి వస్తుంది. చాలాకాలం తర్వాత గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని చూసి నార్మన్ ఏమంటాడో తెలుసా? ఈ బొద్దుపిల్లను చూశావా అని భార్యతో అంటాడు. చెల్సీ ఇప్పుడు సన్నగా రివటలా ఉంది. చిన్నప్పుడు లావుగా ఉండేది. అప్పటి వెక్కిరింతే ఆయనకు ఇప్పటికీ పలకరింపు. ఆమె మొహంలో నవ్వు నిలవదు. ఆమె తండ్రిని నాన్నా అని పిలవదు, నార్మన్ అని పేరు పెట్టి పిలుస్తుంది. ఆయన పలకరింపు, ఆమె పిలుపు ఒకదానికొకటి సరిపోయాయి.

చెల్సీ, బిల్ కలిసి యూరప్ వెళ్తూ పిల్లవాడిని ఒక నెల ఈ ముసలి దంపతుల దగ్గర వదిలిపెడతారు. ఇక్కడి నుంచి కథ అందరూ ఊహించే దారి వదిలేస్తుంది. తండ్రి మారతాడు, కానీ కూతురి దగ్గర కాదు. ఎవరి పిల్లవాడో ఆ బిల్లీ దగ్గర. మొదట్లో ఇద్దరూ ఉప్పూ నిప్పూ. తర్వాత తాతా మనవళ్లలా పడవేసుకుని పొద్దున్నే చేపలు పట్టడానికి పోతుంటారు. ఆ సరస్సులో ఎన్నేళ్లుగానో చిక్కకుండా తిరుగుతున్న పెద్ద చేప ఒకటుంది. దానికి నార్మన్ వాల్టర్ అని పేరు పెట్టుకున్నాడు. దాన్ని పట్టాలని ఇద్దరికీ ఒకటే పట్టుదల. రాళ్ల మధ్యకి పడవ పోనిచ్చి ప్రాణాల మీదకి కూడా తెచ్చుకుంటారు. ఆ వెటకారపు మనిషి పిల్లవాడితో జోకులేస్తాడు, ఓపిగ్గా పనులు నేర్పిస్తాడు, వాడు అలిగితే సముదాయిస్తాడు.

యూరప్ నుంచి తిరిగొచ్చిన చెల్సీ ఇదంతా చూస్తుంది. సంతోషించాలా, ఏడవాలా? ఆమె మొహంలో రెండూ కనిపిస్తాయి. చిన్నప్పుడు తను ఆశపడి ఆశపడి దొరకనిది ఈ కుర్రవాడికి ఒక నెలలో దొరికింది.

ఈ బాధ మన ఇళ్లకూ కొత్తది కాదు. తన పిల్లలతో ఏనాడూ నవ్వి ఎరగని మనిషి మనవడిని భుజాన వేసుకుని వీధంతా తిప్పుతాడు. మనవరాలు మీసం పట్టుకుని లాగితే మురిసిపోతాడు. పక్కనే నిలబడ్డ కూతురు నవ్వుతూనే అంటుంది: ‘మాతో ఒక్కనాడైనా ఇలా ఆడుకున్నావా నాన్నా?’ ఆ మాటలో ఉక్రోషం ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ బదులు చెప్పరు. సొంత పిల్లలనేసరికి వాళ్లు ఏమవుతారో, నలుగురూ ఏమంటారో, చదువు, పెళ్లి, పరువు, ఇవన్నీ తండ్రి నెత్తిన ఉంటాయి. ప్రతి మాటా దిద్దుబాటు మాటే అవుతుంది. మనవల దగ్గరికి వచ్చేసరికి ఆ బరువు దిగిపోతుంది. మనిషిలో ఉన్న మెత్తదనం అప్పుడు బయటికొస్తుంది. అంటే అది మొదటినుంచీ ఉన్నదే. ఉండి కూడా తనకు అందలేదన్నదే కూతురి బాధ.

చెల్సీ ఆ బాధను తల్లి దగ్గర వెళ్లగక్కుతుంది. తండ్రిని ఒక తిట్టు కూడా తిడుతుంది. ఎథెల్ ఆమె చెంప మీద కొడుతుంది. నువ్వు తిడుతున్నది నా భర్తనని గుర్తు చేస్తుంది. ఇంకెన్నాళ్లు ఈ పాత కోపాలు పట్టుకుని తిరుగుతావు, వెళ్లి ఆయనతోనే మాట్లాడు అంటుంది. అన్నేళ్లుగా ఇద్దరి మధ్యా సర్దిచెబుతూ వచ్చిన తల్లి ఆ రోజు పక్కకు తప్పుకుంది.

చెల్సీ వెళ్తుంది. మనమిద్దరం చాలా ఏళ్లుగా ఒకరి మీద ఒకరం కోపంగా ఉన్నట్టున్నామని ఆమె అంటే, కోపమనుకోలేదు, మనకు ఒకరంటే ఒకరికి పడదేమో అనుకున్నానంటాడు ఆయన. నీతో స్నేహంగా ఉండాలనుందని ఆమె చెబుతుంది. అప్పుడు నార్మన్ ఏమంటాడంటే, అయితే ఇకనుంచి తరచుగా వస్తుంటావా, మీ అమ్మ ఎంతో సంతోషిస్తుంది అంటాడు. నాకు సంతోషంగా ఉంటుందని అనలేకపోయాడు. చెప్పదలచుకున్నది అదేనని ఆమెకు తెలుసు, మనకూ తెలుసు. అయినా ఆ మాట భార్య పేరు మీదుగానే బయటికొచ్చింది.

తర్వాత ఆమె చిన్నప్పుడు ఎన్నిసార్లు ప్రయత్నించినా చేయలేకపోయిన పని ఒకటి చేస్తుంది. సరస్సులోకి వెనక్కి పల్టీ కొట్టి దూకుతుంది. నలభై దాటిన మనిషి తండ్రి శభాష్ అనాలని నీళ్లలోకి దూకడం చూస్తే మొదట నవ్వొస్తుంది, వెంటనే గొంతు పట్టేస్తుంది. వయసు ఎంతైనా తండ్రి మెప్పు కోసం ఆశ చావదు.

ఇక తెర వెనక కథ.

హెన్రీ ఫోండా 1905లో నెబ్రాస్కా రాష్ట్రంలో పుట్టాడు. ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’, ‘12 యాంగ్రీ మెన్’ సినిమాలతో నిజాయితీకి మారుపేరు లాంటి నటుడని అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నాడు. ఇంట్లో మాత్రం ముభావి. కూతురు జేన్ 1937లో పుట్టింది. జేన్‌కు పన్నెండేళ్లప్పుడు, 1950లో, మానసిక వ్యాధితో ఆస్పత్రిలో ఉన్న ఆమె తల్లి ఫ్రాన్సెస్ అక్కడే ప్రాణం తీసుకుంది. పిల్లలకు మాత్రం గుండెజబ్బుతో పోయిందని చెప్పారు. ఆ రాత్రి కూడా హెన్రీ బ్రాడ్‌వేలో తన నాటకం ఆడాడు. తల్లి ఎలా పోయిందో తర్వాత జేన్ ఒక సినిమా పత్రికలో చదివి తెలుసుకుంది. తండ్రి నోట వినాల్సిన మాట అచ్చులో చదవాల్సి వచ్చింది. అలాంటి ఇంట్లో మౌనం ఎంత గట్టిపడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పెద్దయ్యాక జేన్ వియత్నాం యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1972లో ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ వెళ్లింది. దేశంలో సగం మంది ఆమెను దుమ్మెత్తిపోశారు. తండ్రి రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేసిన మనిషి. ఇద్దరి మధ్యా వాదనలు జరిగాయి, ఎడం ఇంకా పెరిగింది. అంతలో జేన్ కూడా పెద్ద నటి అయింది. ఉత్తమ నటిగా రెండు ఆస్కార్లు గెలుచుకుంది. అప్పటికి నటనకు పోటీలో ఒక్క ఆస్కారూ అందుకోని తండ్రికి ఆరోగ్యం దెబ్బతింటోంది. ఆ సమయంలో ఆమె ఈ నాటకం హక్కులు కొన్నది. తండ్రి కోసమే కొన్నది. తన నిర్మాణ సంస్థ భాగస్వామి బ్రూస్ గిల్బర్ట్ నిర్మాతగా, 1980 వేసవిలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని స్క్వామ్ సరస్సు ఒడ్డున షూటింగు జరిగింది. హెన్రీకి 75, హెప్‌బర్న్‌కి 73, జేన్‌కి 42.

అన్నేళ్లు ఒకే హాలీవుడ్‌లో పనిచేసినా హెన్రీ, హెప్‌బర్న్ అంతకుముందు ఎప్పుడూ కలుసుకోలేదు. హెప్‌బర్న్ తను ఎంతో ప్రేమించిన నటుడు స్పెన్సర్ ట్రేసీ టోపీని షూటింగు మొదట్లో హెన్రీకి కానుకగా ఇచ్చింది. సినిమాలో ఆయన పెట్టుకున్న టోపీల్లో అదొకటి. హెన్రీకి బొమ్మలు వేసే అలవాటుంది. తర్వాత ఆ టోపీల బొమ్మ వేసి ఆమెకు ఇచ్చాడు. పరాయివాళ్లకు ప్రేమ చూపడం ఆయనకు అంత సులువుగా వచ్చింది.

మరి కూతురి దగ్గర? జేన్ తన ఆత్మకథలో రాసిన సంగతులు విన్నాక ఆ సినిమాను మామూలుగా చూడలేం. ఒకరి క్లోజప్ తీస్తున్నప్పుడు ఎదుటి నటుడు కెమెరా పక్కన నిలబడి కళ్లలోకి చూస్తూ సంభాషణ అందించడం రివాజు. తండ్రి క్లోజప్ తీసేటప్పుడు, నేను నీకు కనబడేలా నిలబడనా అని జేన్ అడిగింది. నాకు నువ్వు కనబడక్కర్లేదు, నేను ఆ రకం నటుణ్ని కాదు అన్నాడాయన. ఆయన ఉద్దేశం వృత్తికి సంబంధించినదే కావచ్చు. రెండు ఆస్కార్లు అందుకున్న మనిషి ఆ మాటతో మళ్లీ చిన్నపిల్లయిపోయింది.

స్నేహంగా ఉండాలనుందని చెల్సీ అడిగే ఆ సన్నివేశం రోజు వచ్చింది. రిహార్సల్లో ఎలా చేస్తే ప్రతి టేకులోనూ అలాగే చేయాలి, కొత్తగా ఏదైనా జరిగితే హెన్రీకి గిట్టదు. అది తెలిసే జేన్ ఒకటి దాచిపెట్టుకుంది. ఆయన క్లోజప్ చివరి టేకులో ఆ మాట అంటూ చెయ్యి చాచి ఆయన చేతిని తాకింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకూడదని తల దించుకున్నాడు, మొహం తిప్పేసుకున్నాడు. కెమెరా అదంతా పట్టుకుంది. ఇప్పుడు సినిమాలో మనం చూసేది అదే.

తర్వాత జేన్ వంతు వచ్చింది. రిహార్సల్లో ప్రతిసారీ కట్టలు తెంచుకున్న దుఃఖం కెమెరా తన మీదకి తిరిగేసరికి ఇంకిపోయింది. ఎంత ప్రయత్నించినా రావడం లేదు. అప్పుడు పొదల చాటున హెప్‌బర్న్ కనబడింది. ఆ రోజు ఆవిడకు పని లేదు. అయినా వచ్చి అక్కడ కూర్చుని, రెండు పిడికిళ్లూ బిగించి, నువ్వు చేయగలవు అన్నట్టు జేన్ వైపే చూస్తోంది. దాంతో జేన్ ఆ సన్నివేశం పూర్తి చేసింది. కథలో కూతుర్ని తండ్రి దగ్గరికి పంపిన తల్లి, షూటింగులో కూడా ఆ పనే చేసింది.

సినిమా అఖండ విజయం సాధించింది. ఆ ఏడాది అమెరికాలో వసూళ్లలో రెండో స్థానం దానిదే. పది ఆస్కార్ నామినేషన్లు, మూడు బహుమతులు వచ్చాయి. ఎర్నెస్ట్ థాంప్సన్‌కి స్క్రీన్‌ప్లేకి, హెప్‌బర్న్‌కి ఉత్తమ నటిగా నాలుగోసారి, హెన్రీకి ఉత్తమ నటుడిగా 76 ఏళ్ల వయసులో. 1982 మార్చి 29 రాత్రి ఉత్సవానికి వెళ్లే ఓపిక ఆయనకు లేదు. తండ్రి తరఫున వేదిక ఎక్కి బహుమతి అందుకున్నది జేనే. ఆ ఆస్కార్ ప్రతిమ తీసుకుని నేరుగా ఆయన ఇంటికి వెళ్లింది. అదే ఏడాది ఆగస్టు 12న హెన్రీ కన్నుమూశాడు.

ఆ చివరి రోజుల గురించి జేన్ తర్వాత చెప్పింది. నువ్వంటే నాకు ప్రేమ, జరగకుండా పోయినవాటికి నిన్ను క్షమించాను, ఇంతకన్నా మంచి కూతుర్ని కాలేకపోయినందుకు నువ్వూ నన్ను క్షమించు అని ఆయనతో చెప్పుకుంది. ఆయన ఏమీ అనలేదు. ఏడ్చాడు.

శ్రోతలారా, ఈ కథలో రెండుచోట్లా ముందడుగు వేసింది కూతురే. దెబ్బ తిన్నదీ తనే, చెయ్యి చాచిందీ తనే. ఇది న్యాయమా? కాదు. పెద్దవాడు, బలం ఉన్నవాడు, మొదట మాట విసిరినవాడు తండ్రి. దిద్దుకోవలసిన బాధ్యతా ఆయనదే. కొట్టి, తిట్టి, బతుకు నరకం చేసిన తండ్రి దగ్గరికి వెళ్లి స్నేహం అడగమని నేను ఏ ఆడపిల్లకూ చెప్పను. ఆ కథలు వేరు. ఈ సినిమా చెబుతున్నది, లోపల ప్రేమ ఉండి కూడా బయటికి చెప్పలేని ఇళ్ల గురించి. మనలో ఎక్కువ ఇళ్లు అలాంటివే.

తండ్రి కన్నీళ్లకు మన పెళ్లిళ్లలో ఒక చోటుంది. అప్పగింతల వేళ ఎంత కరుకైన మనిషైనా కూతురి చెయ్యి అత్తవారి చేతిలో పెడుతూ భోరుమంటాడు. ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ ఒక్క పూటకే ఆ చోటు. ముందూ వెనకా మాట నడిచేదంతా అమ్మ ద్వారానే. ‘మీ నాన్నకు నువ్వంటే ప్రాణమే, పైకి చెప్పుకోరంతే’ అని అమ్మ చెబుతుంది. ‘అది చిన్నబుచ్చుకుందండీ, ఒకసారి మాట్లాడండి’ అని అటు నాన్నకూ చెబుతుంది. ఇద్దరి మధ్యా ఉత్తరాలు మోసే తపాలా ఉద్యోగం ఆవిడది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇల్లు నడుస్తుంది. ఆవిడ పోయిన మర్నాడు ఆ తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చుండిపోతారు. అమ్మ చెప్పిన ప్రేమను కూతురు నమ్ముతుంది, కాదనను. కానీ నమ్మడం వేరు, చెవులారా వినడం వేరు. చెల్సీకి ఎథెల్ ఎన్నేళ్లు సర్దిచెప్పినా తీరని వెలితి, తండ్రి ఎదుట నిలబడి మాట్లాడితే తీరడం మొదలైంది. ఆయన ఆ రోజు కూడా మీ అమ్మ సంతోషిస్తుందనే అన్నాడు, నిజమే. అయినా ఆ మాట ఆయన గొంతుతో, ఆయన మొహం చూస్తుండగా వచ్చింది.

అందుకని ఇంట్లో ఉన్న నాన్నలకు నాదొక మనవి. అమెరికా నుంచో బెంగళూరు నుంచో పక్క ఊరి నుంచో అమ్మాయి ఫోన్ చేస్తుంది. మీరే ఎత్తుతారు. బాగున్నావా, తిన్నావా, ‘ఇదిగో, మీ అమ్మకిస్తున్నా’ అంటారు. రేపు అలా ఇచ్చేయకండి. మీకు నిన్న మోకాలు నొప్పి చేసిందని చెప్పండి. మార్కెట్లో ఏదో చూస్తే తను గుర్తొచ్చిందని చెప్పండి. ఫలానాప్పుడు నిన్ను అంత మాట అనకుండా ఉండాల్సింది అని ఉంటే అదీ చెప్పండి. ఏమీ తోచకపోతే కాసేపు ఊరకే ఫోన్ చెవిన పెట్టుకుని ఉండండి, అవతల అమ్మాయే అందుకుంటుంది. నార్మన్‌కి ఎనభై ఏళ్లు పట్టింది. హెన్రీ ఫోండాకి చివరిదాకా నోట మాట రానేలేదు, కన్నీళ్లే వచ్చాయి. మీకింకా వ్యవధి ఉంది.

వీలైతే ఈ సినిమా చూడండి. ఇంట్లో ఆడపిల్ల ఉంటే తనతో కలిసి చూడండి. అయిపోయాక టీవీ కట్టేసి, ముందు మీరే మాట కలపండి.